తిరగని కడ్డీ

"2023 నవంబరు పద్నాలుగో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, అలెగ్జాండ్రియా నగరం, బకూస్ పేటలోని ఒక భవనం మూడో అంతస్తు వంటగదిలో ఈ పంచనామా మొదలైంది. హాజరైనవారు: దర్యాప్తు అధికారి మేజర్ షిహాబ్ రాగిబ్, ప్రాసిక్యూటరు నియమించిన రసాయన నిపుణుడు డాక్టర్ తాద్రోస్ వహ్బా, నిందితురాలు నగ్లా అబ్దుల్‌ఖాలిక్, వయసు నలభై ఆరు, ఒకప్పటి పాఠశాల ప్రయోగశాల ఉపాధ్యాయిని, సాక్షి మిద్‌హత్ షర్నూబీ, వేప్ దుకాణం యజమాని, లేఖకుడు బుర్హాన్."

బుర్హాన్ ఇంతవరకు పైకి చదువుతూ రాసి కలం ఆపాడు. హాజరైనవాటిలో ఒకటి ఆ జాబితాలో చేరలేదని తాద్రోస్‌కు తోచింది. అది వాసన. పుచ్చకాయ, పుదీనా, వాటి అడుగున మాడిన చక్కెర. శవపరీక్ష గదిలో, చనిపోయినవాడి వేప్ ద్రవం సీసా మూత తీసినప్పుడు ఇదే వాసన గుప్పుమంది. ఇప్పుడది మేజర్ షిహాబ్ మెడలో తాడుకు వేలాడే, నికోటిన్ ద్రవాన్ని ఆవిరిచేసి పీల్చే వేప్ గొట్టం నుంచి, అతని ముక్కుపుటాల నుంచి, మీసాల నుంచి పొగమంచులా వస్తోంది. యాభై నాలుగేళ్ల జీవితంలో పాత పుస్తకాల బూజు తప్ప మరే వాసననూ ఇష్టపడి పీల్చని తాద్రోస్ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"పాషా, ఈ సరుకు తాగి మనిషి పోతే విచారణకొచ్చాం. అదే తాగుతూ నిలబడ్డారు మీరు," అన్నాడు, పోలీసు అధికారిని అందరూ పిలిచే పిలుపుతోనే.

"ఊళ్లో సగంమంది తాగేది ఇదే డాక్టర్. నువ్వు పీల్చేది పుస్తకాల దుమ్ము, నేను పీల్చేది పుచ్చకాయ. ఎవరి పిచ్చి వాళ్లకానందం."

మిద్‌హత్ చటుక్కున ముందుకొచ్చి తన జేబులోని గొట్టం తీశాడు. "నాది తీసుకోండి పాషా. నిమ్మకాయది. నిన్ననే లోపలి వేడి తీగ కొత్తది వేశాను."

"నీ ఎంగిలి నాకెందుకురా?" అన్నాడు షిహాబ్. మరో దమ్ము లాగి, మొహం చిట్లించి, కుళాయి తొట్టిలో ఉమ్మాడు. "ఛీ, పొద్దున తిన్న చిక్కుడుగింజలు పులిసినట్టున్నాయి."

చేతికి సంకెళ్లతో తలుపు వారన నిలబడ్డ నగ్లా ఆ ఉమ్మి వంక చూసి కళ్లు తిప్పుకుంది. ఆమె తొట్టి అద్దంలా ఉంది. ఆ వంటగదిలో ప్రతి డబ్బాకూ లేబుల్, ప్రతి లేబుల్‌కూ తేదీ.

విషయం క్లుప్తంగా ఇది. ఇయాద్ అనే ఇరవై మూడేళ్ల బోర్డుల పెయింటర్ శనివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు పరంజా మీద నిలబడి నాలుగు దమ్ములు లాగాడు. వాంతి చేసుకున్నాడు. తూలి, మూడంతస్తుల ఎత్తునుంచి రాతి మెట్ల మీద పడ్డాడు. జేబులో దొరికిన సీసా నంబరు రెండు. లేబుల్ నగ్లాది; ఇంట్లో ఈ ద్రవం కలిపి మిద్‌హత్ దుకాణానికి ఇచ్చేది ఆమే. లేబుల్ ప్రకారం నికోటిన్ మిల్లీలీటరుకు ఆరు మిల్లీగ్రాములు. పరీక్షలో తేలింది డెబ్బై ఒకటి. అదే బ్యాచ్‌లోని ముప్పయ్యో నంబరు సీసా మిద్‌హత్ దుకాణం అల్మారాలో దొరికింది. అందులో నికోటిన్ జాడ మాత్రమే ఉంది.

మధ్యాహ్నం రెండు గంటలకు పంచనామా ప్రాసిక్యూటరు బల్లమీద ఉండాలి. ఈ వంటగది బల్లమీద కనిపిస్తున్న, ద్రవం కలిపే యంత్రం నగ్లాదని అందులో రాసి ఉంటే, సాయంత్రానికి ఆమె జైల్లో ఉంటుంది.

తాద్రోస్ ఆ యంత్రం వైపు వంగి, వెంటనే వెనక్కి జరిగాడు. తెల్ల జున్ను అమ్మే ప్లాస్టిక్ డబ్బా. మూతకింద పాత కంప్యూటర్‌లోంచి పీకిన పంకా, దాని నడుమ జిగురుతో అంటించిన రెండు అయస్కాంతాలు, పక్కన వేగం పెంచే మర. మాగ్నెటిక్ స్టిర్రర్ అంటే సూత్రానికి అంతే: కింద అయస్కాంతం తిరుగుతుంది, పైన గాజుపాత్రలో వేసిన తెల్ల అయస్కాంతపు కడ్డీ దానితోపాటు తిరిగి ద్రవాన్ని కలుపుతుంది. కాని ఆ డబ్బా మూలల్లో ఎండిన జున్ను పసుపు పచ్చగా గడ్డకట్టింది. చిందిన గ్లిసరిన్‌లో ఒక బొద్దింక కాళ్లు పైకి పెట్టి అతుక్కుపోయి ఉంది. జనం ఊపిరితిత్తుల్లోకి పీల్చుకునే పదార్థం దీని మీద తయారైంది!

"అబ్లా నగ్లా," అన్నాడు తాద్రోస్. బడిపిల్లలు టీచరమ్మను పిలిచే ఆ పిలుపు విని ఆమె తల ఎత్తింది. "ఇది మీదేనా?"

"ఛీ! నా వంటగదిలోకి అసలిదెలా వచ్చిందో నాకే తెలీదు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి పోలీసులు నన్ను స్టేషనుకు తీసుకెళ్లారు. మళ్లీ ఈ గదిని చూడటం ఇదే."

"మరి మీది?"

"నాది బరువైనది. పింగాణీ పలక, నాలుగు రబ్బరు కాళ్లు. దాన్ని ఎంచుకోడానికి నలభై రోజులు పట్టింది."

షిహాబ్ ఫక్కున నవ్వాడు. "పెళ్లికొడుకుని వెతకడానిక్కూడా అంత పట్టదే!"

"పెళ్లికొడుకు చెడితే ఒక్కదాని బతుకే పోతుంది పాషా," అంది ఆమె. "ఇది చెడితే ముప్పై మందివి."

తాద్రోస్ నోట్‌బుక్ తెరిచాడు. "ఎలా ఎంచుకున్నారో చెప్పండి."

"ప్రయోగశాల సామాను దుకాణంలో మూడు రకాలున్నాయి. ఒకటి రంగు దీపాలది, చేతిలో పట్టేంత. అది నీళ్లను సుడిగుండంలా తిప్పుతుంది, చూడ్డానికి భలే ఉంటుంది. కానీ ఈ ద్రవంలో ఎక్కువ భాగం గ్లిసరినే, అందుకే ఇంటినుంచి సీసాలో గ్లిసరిన్ పట్టుకెళ్లాను. దుకాణంవాడు నవ్వాడు, బేరానికొచ్చావా, వంటకొచ్చావా అని. గ్లిసరిన్ పోసేసరికి ఆ దీపాలదాని మీద కడ్డీ టకటకమని ఎగిరి మూలకి పోయింది. చిక్కటి దాన్ని తిప్పే బలం లేదు దానికి."

"రెండోది?"

"కింద వేడి పలక ఉన్నది. వేడిచేస్తే గ్లిసరిన్ పల్చబడి తేలిగ్గా కలుస్తుంది, నిజమే. కానీ ఒక్కరోజు నేను ఏమరుపాటుగా ఉన్నా నికోటిన్ ఆవిరి ఈ గదంతా నిండుతుంది. తొందరపడేవాళ్ల యంత్రం అది. మూడోదానికి వేడి లేదు, దీపాల్లేవు. అయస్కాంతం బలమైనది, మెల్లగా మొదలై మెల్లగా వేగం అందుకుంటుంది, కడ్డీని జారనివ్వదు. అదే తెచ్చుకున్నాను. గ్యారంటీ కార్డు ఆ సొరుగులో ఉంది."

"కార్డు చూశాను," అన్నాడు షిహాబ్ విసుగ్గా. "కొన్నదని రుజువు, వాడిందని కాదు. మంచిది అమ్మేసి ఈ చెత్తతో పని నడిపించి ఉంటుంది. సరిగ్గా కలవలేదు, ఒక సీసాలో విషం, ఒక సీసాలో నీళ్లు. నీ పరీక్ష కాగితమే చెబుతోంది కదా డాక్టర్!"

"సరిగ్గా కలవలేదన్నది మీతో ఒప్పుకుంటాను పాషా. ఎవరు కలిపారన్నదే మిగిలింది."

షిహాబ్ నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. కిటికీ తెరిచి ఉంది, నవంబరు సముద్రపు గాలి చలిగానే వీస్తోంది. మళ్లీ గొట్టం నోటికి ఎత్తాడు.

"పాషా, టీ చెప్పనా? దాన్ని కాసేపు పక్కన పెట్టండి," అన్నాడు మిద్‌హత్.

"నువ్వు నా అమ్మవా?"

తాద్రోస్ బల్లమీద పరిచిన మైనపు గుడ్డ దగ్గరకు వంగాడు. జున్ను డబ్బాను రెండు వేళ్లతో, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టాడు. గుడ్డ మీద నాలుగు గుంటలు, చదరంగా, ఒకదానికొకటి పన్నెండు సెంటీమీటర్ల దూరంలో. ఏళ్ల తరబడి బరువు మోసిన గుంటలు. డబ్బాకు కాళ్లు లేవు.

"రాయి బుర్హాన్, కొలతలతో సహా."

తర్వాత అతని చూపు ఫ్రిజ్ పక్కభాగం మీద ఆగింది. అక్కడ మూడు తెల్ల కడ్డీలు, చిటికెన వేలంత పొడవున, రేకుకు అతుక్కుని వరసగా నిలబడి ఉన్నాయి.

"అవి చూశారా పాషా?"

"ఫ్రిజ్ మీద పిల్లలు అంటించే బొమ్మల్లాంటివేగా. ఆదివారం సాయంత్రం ఆరింటికి సోదా చేసినప్పుడే చూశా."

"పిల్లల్లేని ఇల్లిది. అవి కడ్డీలు. కలపడం అయ్యాక కడిగి అక్కడ అంటిస్తారు, సీసాలకు మూతలు పెట్టేముందు లెక్కపెట్టుకుంటారు, ఏ సీసాలోనూ జారిపోలేదని. అవునా అబ్లా?"

"మూడూ ఫ్రిజ్ మీద ఉంటేనే మూత," అంది నగ్లా.

తాద్రోస్ ఒక కడ్డీ తీసి స్కేలు పెట్టాడు. ఐదు సెంటీమీటర్లు. జున్ను డబ్బా పంకా మీది అయస్కాంతాల మధ్య దూరం రెండున్నర. "మూడు కడ్డీలూ ఈ డబ్బాకి నప్పవు, కొసలు అయస్కాంతాల మీదికి రావు. యంత్రాన్ని మార్చినవాడికి ఫ్రిజ్ సంగతి తెలీదు. రుజువు చేద్దాం. పంకా నడపండి."

అల్మారాలోని గ్లిసరిన్‌ను గాజుపాత్రలో పోసి, కడ్డీ వేసి, డబ్బా మీద పెట్టాడు. బుర్హాన్ తీగను ప్లగ్గులో పెట్టి మర తిప్పాడు. కదలిక లేదు. సంకెళ్ల చేతులతోనే నగ్లా ప్రయత్నించింది. కదలలేదు. షిహాబ్ ఆమెను తోసి తానే మరను అటూ ఇటూ పీకాడు.

"పాడైపోయింది. సాక్ష్యం చెడగొట్టావు డాక్టర్! ఇది కూడా రాయి బుర్హాన్."

"లాగకండి పాషా, తెగిపోద్ది!" మిద్‌హత్ ఆగలేక చేయి చాచాడు. బొటనవేలితో తీగ మొదలు నొక్కిపట్టి, మూత ఎడమ మూల మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, మర తిప్పాడు. పంకా గుర్రుమంటూ లేచింది.

పాత్రలో కడ్డీ ఒక్కసారి అటు దొర్లి, టకటకమని గాజును కొట్టి, మూలన పడి ఆగిపోయింది. కింద పంకా మాత్రం తిరుగుతూనే ఉంది.

మిద్‌హత్ తన బొటనవేలి వంక చూసుకున్నాడు. అది ఇంకా తీగ మీదే ఉంది.

"నిన్నటి వాంగ్మూలం చదువు బుర్హాన్," అన్నాడు తాద్రోస్.

బుర్హాన్ కాగితాలు తిప్పాడు. "'నేనెప్పుడూ ఆమె వంటగదిలో అడుగుపెట్టలేదు. ఆమె ఏ యంత్రం వాడుతుందో ఎరగను. గుమ్మం దగ్గరే పెట్టెలు తీసుకునేవాణ్ని.' కింద మిద్‌హత్ షర్నూబీ సంతకం ఉంది."

"నేను ఊరికే... తోచి కొట్టాను. వల్లాహి, దేవుడి మీద ఒట్టు!"

"మెట్లకింద కాపలాదారు ఫర్గలీని పాషా అడగలేదు. ఇవాళ పైకొచ్చేముందు, పది ఇరవై ఐదుకి నేను అడిగాను. ఆదివారం పొద్దున పదకొండు పదికి నువ్వు సంచితో వచ్చావు, సీసాలు తీసుకోవాలని తాళంచెవి అడిగావు. పదకొండు ఇరవై ఐదుకి దిగావు. వెళ్లేటప్పుడు సంచి బరువుకి భుజం ఒంగిపోయిందట. అబ్లా అప్పటికి మూడు గంటలుగా స్టేషనులో ఉంది."

"ఈ మాట నాకెందుకు ముందే చెప్పలేదు?" షిహాబ్ గొంతు చించుకున్నాడు.

"చెబితే ఆ వేలు తీగ మీదికి వెళ్లేదా పాషా?"

మిద్‌హత్ స్టూలు మీద కూలబడ్డాడు. పెదాలు తడుపుకుంటూ, నగ్లా వైపు చూడకుండా మొదలుపెట్టాడు. "వారానికి ఇరవై సీసాలకు మించి ఇవ్వనంటుంది. పదిహేను రోజులు నిలవుంచాలంటుంది, రోజూ కుదిపి చూడాలంటుంది. జనం గుమ్మంలో నిలబడి ఆమె పేరే అడుగుతారు, నేనేం చెయ్యను? ఆమె లేబుళ్లు అచ్చువేయించాను. బుధవారం ఒక లీటరు కలిపాను, అంతే. ఎవర్నీ చంపాలని కాదు."

"ఆ డబ్బా మీద! ఆ బొద్దింకతో!" అంది నగ్లా. తన పేరు ఆ జిగురులో పడి ఈదుతున్నట్టు ఆమె మొహం ముడుచుకుంది.

"నికోటిన్ సారం పల్చన, గ్లిసరిన్ బరువు," అన్నాడు తాద్రోస్, బుర్హాన్ రాసుకునేలా నెమ్మదిగా. "కడ్డీ తిరక్కపోతే సారం పైన తేలుతుంది. పాత్ర వంచితే ముందు పడేది అదే. మొదటి సీసాల్లో విషం, చివరి సీసాల్లో పానకం. పుదీనా చలవకు గొంతు మొద్దుబారి ఘాటు తెలియదు. మిగతా సరుకూ, అబ్లా యంత్రమూ ఎక్కడ?"

"నా కారు డిక్కీలో. కిందే ఉంది. శనివారం పొద్దుననే అమ్మకం మొదలుపెట్టాను, మొదటి బేరం ఆ కుర్రాడిదే. పోయాడని తెలియగానే అల్మారా ఖాళీ చేశాను. కంగారులో ఆ ముప్పయ్యోది వెనక్కి దొర్లిపోయి మిగిలింది."

బుర్హాన్ తాళంచెవి తీసుకుని ఫర్గలీతో కారు దగ్గరకు వెళ్లాడు. పన్నెండు ఇరవైకి ఇద్దరూ రొప్పుతూ పైకొచ్చారు. ఫర్గలీ చేతుల్లో పింగాణీ పలక యంత్రం, బుర్హాన్ చేతుల్లో అట్టపెట్టె. తాద్రోస్ యంత్రాన్ని మైనపు గుడ్డ మీద దించాడు. నాలుగు రబ్బరు కాళ్లు నాలుగు గుంటల్లో కుదురుకున్నాయి. గాజుపాత్రను దానిమీద పెట్టి మర తిప్పితే, మూలన పడ్డ కడ్డీ మెల్లగా లేచి, చప్పుడు లేకుండా నడుమకు వచ్చి తిరగసాగింది. నగ్లా దాన్ని తప్పిపోయి ఇల్లు చేరిన మనిషిని చూసినట్టు చూసింది.

"సీసాలు ఎన్ని?"

"ముప్పై, డాక్టర్," అన్నాడు బుర్హాన్.

"ముప్పై మిల్లీలీటర్ల సీసాలు, లీటరుకు ముప్పై మూడు. రెండోది చనిపోయినవాడి జేబులో. ముప్పయ్యోది మన దగ్గర. ఇంకొకటి లేదు." తాద్రోస్ పెట్టెలో నంబర్లు వేలితో తడుముకుంటూ వెళ్లాడు. మూడు, నాలుగు, ఐదు... "ఒకటోది లేదు. అన్నిటికన్నా పైనుంచి పోసింది. ఎవరి దగ్గరుంది మిద్‌హత్?"

మిద్‌హత్ తల వంచుకున్నాడు.

"ఎవరికి అమ్మావు?"

"అమ్మలేదు. మా నాన్న నాటి పద్ధతి అది. కొత్త సరుకులో మొదటిది బోణీకి పెద్దవాళ్లకి ఇస్తాం. ఊరికే. అప్పుడు మిగతాది నిలవకుండా పోతుంది." అతను కళ్లెత్తలేదు. అయినా ఆ కళ్లు ఎక్కడికి వెళ్లబోయి ఆగాయో తాద్రోస్ చూశాడు.

నిమ్మకాయది తీసుకోండి పాషా. టీ చెప్పనా పాషా. పక్కన పెట్టండి పాషా. పొద్దుటి నుంచి విన్న ముఖస్తుతి అంతా తాద్రోస్ చెవుల్లో మరోలా మోగింది. కుళాయి తొట్టిలోని ఉమ్మి, చలిలో చెమట, పులిసిన చిక్కుడుగింజలు. తాను వాటన్నిటినీ అసహ్యించుకున్నాడు, ఒక్కదాన్నీ పరిశీలించలేదు.

రెండంగల్లో వెళ్లి మేజర్ మెడలోని తాడును లాగి తెంపాడు.

"ఏయ్!"

"దీంట్లో పోసిన సీసా ఎప్పుడు తెరిచారు?"

"ఇవాళ... తొమ్మిదిన్నరకి. పాతది అయిపోతే. గురువారం ఇచ్చాడు వీడు." షిహాబ్ మాట తడబడింది. జేబులోంచి చిన్న సీసా తీశాడు. అది వేళ్లలోంచి జారి నేలమీద దొర్లింది. లేబుల్ మీద అంకె ఒకటి. "కాస్త ఘాటుగా ఉంటే, సరుకు కొత్తది కదా అని..."

మాట పూర్తి కాలేదు. తొట్టి మీదికి వంగి, పేగులు కదిలేలా కక్కాడు.

"అంబులెన్సు!" అన్నాడు తాద్రోస్. బుర్హాన్ అప్పటికే ఫోను తీశాడు. "స్టేషనుకు కూడా చెప్పు, మిద్‌హత్‌ను తీసుకుపోవడానికి మనుషుల్ని పంపమను."

నగ్లా సంకెళ్లు గలగలలాడించుకుంటూ వెళ్లి మేజర్‌ను గోడకు ఆనించి కూర్చోబెట్టింది, కాలరు గుండీ విప్పింది, నీళ్లు పుక్కిలింపించింది, మీసాలకు అంటినదాన్ని తన తువ్వాలుతో తుడిచింది. "కళ్లు మూయకండి పాషా. నన్నే చూడండి. పడుకోకూడదు."

తాద్రోస్ మిద్‌హత్ ఎదుట నిలబడ్డాడు. "రెండు గంటలపాటు చూస్తూ కూర్చున్నావు. ప్రతి దమ్మూ లెక్కపెట్టి ఉంటావు. ఒక్క మాట చెబితే పోయేది."

"చెబితే నేను పోయేవాణ్ని డాక్టర్."

ఆ జవాబులో ఉన్నంత కంపు జున్ను డబ్బాలో కూడా లేదు. తాద్రోస్‌కు అతన్ని కొట్టాలనీ అనిపించలేదు, తిట్టాలనీ అనిపించలేదు. చేతులు కడుక్కోవాలనిపించింది.

అంబులెన్సు ఒంటిగంట ఐదుకు వచ్చింది. నాడి చూసిన వైద్యుడు, ప్రాణానికి భయం లేదు, కాని ఇంకో పది దమ్ములు పడితే చెప్పలేకపోయేవాణ్నన్నాడు. స్ట్రెచర్ మీద పడుకున్న షిహాబ్ బుర్హాన్‌ను సైగచేసి దగ్గరకు పిలిచాడు. అధికారి సంతకం లేనిదే పంచనామా చెల్లదు. చివరి పేరా చదివించుకున్నాడు.

"'ఒకటో నంబరు సీసాను మేజర్ షిహాబ్ రాగిబ్ సాక్షి నుంచి కానుకగా స్వీకరించారు.' ఈ ముక్క... తీసెయ్యి డాక్టర్. కొన్నానని రాయి. ఉద్యోగం పోతుంది."

"ఆ ముక్క తీసేస్తే సీసా ఎక్కడినుంచి వచ్చిందో ఉండదు పాషా. అది లేకపోతే మిద్‌హత్ రేపు మాట మారుస్తాడు. అబ్లా మళ్లీ ఈ గుమ్మంలో సంకెళ్లతో నిలబడుతుంది."

షిహాబ్ కళ్లు తిప్పాడు. నగ్లా అతని తల కింద తన మడతపెట్టిన తువ్వాలు సర్దుతోంది. అదే తువ్వాలు, ఉతికి ఆరేస్తే తప్ప ఇక ముట్టుకోలేనిది.

"ముందు ఆమె సంకెళ్లు తియ్యండి," అన్నాడు మేజర్. తర్వాత కలం అందుకున్నాడు. సంతకం ఏటవాలుగా, సగం దూరం సాగి, కాగితం అంచు దాకా జారిపోయింది. కాని అది సంతకమే. దాని కింద నగ్లా పెట్టింది, మణికట్టు మీది ఎర్ర గీతను రెండో చేత్తో నిమురుకుంటూ. ఆపైన బుర్హాన్, చివర తాద్రోస్.

ఒంటిగంట ఇరవై. ప్రాసిక్యూటరు కార్యాలయానికి ఇక్కడినుంచి అరగంట దారి. తాద్రోస్ కాగితాన్ని ఒకసారి ఊదాడు. పుచ్చకాయ వాసన వేసింది. మొహం చిట్లించి, దాన్ని అంచుకు అంచు కలిపి మూడు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో పెట్టి గుండీ వేసుకున్నాడు.